తాతయ్య రేడియోలో గిటారు మోత

తిరునాళ్లలో మైకుసెట్టు విన్నవాళ్లందరికీ ఒక శబ్దం బాగా తెలుసు. హారన్‌కి శక్తికి మించి సౌండు పెంచితే పాట అంచులు పగిలి, గరగరమని బొంగురు వస్తుంది. మనమైతే చెవులు మూసుకుని 'తగ్గించవయ్యా' అని అరుస్తాం. గిటారు వాయించేవాళ్లు మాత్రం ఆ గరగర కోసమే డబ్బు పోసి ఒక పెట్టె కొంటారు. దాని పేరు ఫజ్ పెడల్. కాలితో ఒక్క నొక్కు నొక్కితే చాలు, గిటారు తీగ కాస్తా కదిపిన తేనెపట్టులా మోగుతుంది!

అసలిది పుట్టిందే పాడైన యంత్రంలోంచి. 1961లో అమెరికాలో మార్టీ రాబిన్స్ పాడిన 'డోంట్ వర్రీ' విడుదలైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటారు, స్టూడియో మిక్సర్‌లో చెడిపోయిన భాగం గుండా వెళ్లి చిరిగిన గొంతుతో బయటికొచ్చింది. దాన్ని తీసెయ్యకుండా పాటలో అలాగే ఉంచేశారు. ఆ చెడిన మోతనే కావాలన్నప్పుడు తెప్పించుకునేలా గ్లెన్ స్నాడీ అనే ఇంజినీరు ట్రాన్సిస్టర్లతో ఒక పెట్టె రూపొందిస్తే, గిబ్సన్ కంపెనీ 1962లో 'మేస్ట్రో ఫజ్-టోన్' పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'సాటిస్‌ఫాక్షన్' వచ్చాక ఇక చెప్పేదేముంది! మరుసటి ఏడాది లండన్‌లో 'ఫజ్ ఫేస్' అనే గుండ్రటి పెట్టె వచ్చింది. జిమి హెండ్రిక్స్ కాలి కింద నలిగింది అదే. విప్పి చూస్తే లోపల రెండంటే రెండే ట్రాన్సిస్టర్లు, గుప్పెడు విడిభాగాలు.

ఇదంతా నాకు తెలియడం మా తమ్ముడి పుణ్యం. నెల్లూరులో ఇంజినీరింగ్ చదువుతూ, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రాలో గిటారు వాయిస్తాడు. వాడి దగ్గర పెడల్ లేదు, ల్యాప్‌టాప్ ఉంది. అందులోని సాఫ్ట్‌వేర్ ఫజ్ పెట్టెకి బదులు లెక్కలు చేస్తుంది. పెట్టెలోని ఒక్కో భాగంలో కరెంటు ఎలా నడుస్తుందో సెకనుకి 48,000 సార్లు లెక్కగట్టి ఆ మోతని పుట్టిస్తుంది. నాకైతే తేడా తెలియలేదు. వాడికి మాత్రం తృప్తి లేదు. వాడి కన్ను మైపాడు ఇంట్లో బీరువా మీదున్న తాతయ్య రేడియో మీద పడింది.

మనకి ట్రాన్సిస్టర్ అంటే రేడియోనే కదా. తొలినాటి ఫజ్ పెట్టెల్లో వాడిందీ, పాత రేడియోల్లో ఉండేదీ ఒకే జాతి జెర్మేనియం ట్రాన్సిస్టర్. బెంగళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు 1962లోనే వీటి తయారీ మొదలుపెట్టారు. తమ్ముడు వెనక మూత విప్పి చూశాడు. ఏసీ128లు రెండు కనిపించాయి. ఫజ్ ఫేస్‌లో కొన్నింటికి వాడిన రకమే! వాడి మొహం వెలిగిపోయింది, నాన్న మొహం మాడిపోయింది.

1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు ఇంటిల్లిపాదీ ఆ రేడియో చుట్టూ కూర్చున్నారట. అది మూగబోయి పదేళ్లయినా నాన్న దుమ్ము తుడవడం మానలేదు. "ఏందిరా, తాతని కోస్తావా?" అన్నారు. కాసేపాగి, "ఆ మోత కంప్యూటర్లో వస్తా ఉండాదన్నావు గదా. ఇంక దీన్ని ఇప్పేదెందుకు?" అని అడిగారు.

అడగాల్సిన ప్రశ్నే. వాడి దగ్గర జవాబు లేకపోలేదు. గిటారు మీద వాల్యూమ్ మర కొంచెం తిప్పితే చాలు, అసలు పెట్టెలో గరగర తగ్గి తీగ తేటగా పలుకుతుంది. గిటారూ పెట్టే ఒకదాన్నొకటి లాక్కుంటూ ఒకే సర్క్యూట్‌లా నడుస్తాయి. ల్యాప్‌టాప్‌కి గిటారు కలిపే పరికరం ఆ లాగుడుకి అడ్డం పడుతుంది. హీలిక్స్ లాంటి ఖరీదైన యంత్రాల్లో దీనికి ఏర్పాటు ఉంది కానీ, పెళ్లి ఆర్కెస్ట్రా సంపాదనతో కొనగలిగేవి కావవి.

నాలుగు రోజులు ఇంట్లో మాటల్లేవు. అయిదో రోజు నాన్నే స్క్రూడ్రైవర్ తెచ్చిచ్చారు. డబ్బా మాత్రం బీరువా మీదే ఉండాలన్నది షరతు.

పెట్టె తయారైంది. మోగింది కూడా. కానీ మాది నెల్లూరు! జెర్మేనియంకి ఎండంటే పడదు. సుమారుగా ప్రతి పది డిగ్రీలకీ అందులో వృథాగా కారే కరెంటు రెట్టింపవుతుంది. మే నెలలో, నలభై దాటిన మధ్యాహ్నం, పందిట్లో పాట మధ్యలో పెట్టె గొంతు పట్టేసింది. కీబోర్డు అతను ఆ ఖాళీని కప్పేశాడు కాబట్టి సరిపోయింది. దానికితోడు సముద్రపు గాలికి ప్లగ్గుల మీద చిలుము. మా తీరంలో పెళ్లికి ల్యాప్‌టాపే మేలని నా అభిప్రాయం. పిల్ల తండ్రి డబ్బిచ్చేది పాటకి గానీ వాతావరణానికి కాదు కదా! అయితే ఇంట్లో ఆ మర తిప్పుతూ తమ్ముడు నేర్చుకున్న చేతివాటం ల్యాప్‌టాప్ నేర్పింది కాదు. అది స్పష్టంగా వినపడుతోంది, నాక్కూడా.

మొన్న డిసెంబరులో, చల్లటి తెల్లవారుజామున వాడు లేచి కూర్చున్నాడు. న్యూరల్ యాంప్ మోడలర్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. అదిచ్చే పరీక్ష ధ్వనిని పెట్టెలోకి పంపి, బయటికొచ్చింది రికార్డు చేసిస్తే, రెంటినీ పోల్చుకుంటూ ఆ పెట్టె స్వభావాన్ని కంప్యూటర్ నేర్చుకుంటుంది. మరలు ఎక్కడుంటే అక్కడి మోతే దానికి తెలుస్తుంది. తిప్పితే ఏమవుతుందో తెలియదు. గిటారుతో ఆ లాగులాటా అంతంతే. అయినా ఎండ తగలని ఆ ఉదయం మోత ఫైలులో దాగింది. ఇప్పుడు పెళ్లిళ్లలో వినిపించేది అదే.

వాడు స్పీకర్లో పెట్టి వినిపిస్తే నాన్న చివరిదాకా విన్నారు.

"స్టేషను సరిగ్గా పడలా," అన్నారు.