ఒక్కసారే గదా!



గత సంచికలో మన విహారయాత్ర గురించి ముగ్గురు రాశారు. ఒకరు విశాఖ సముద్రం గురించి, ఒకరు బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామి గురించి, ఒకరు పార్కులోని ఆటల గురించి. ముగ్గురూ బాగా రాశారు. కాని పార్కులో సాయంత్రం జరిగిన ఒక సంగతి మాత్రం ఎవరూ రాయలేదు. అది నాకు తెలుసు, నాతోపాటు ఉన్న పదకొండు మందికి తెలుసు. వాళ్ళు రాయరు. అందుకని నేను రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా ఫరవాలేదు.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవులు అయిన తర్వాత మనం వెళ్ళాము. అది ఆదివారం. పార్కు గేటు దగ్గరకు చేరేసరికే జనం తీర్థం లాగ ఉన్నారు. చేతికి కాగితం పట్టీ కట్టి లోపలికి పంపారు. "ఆ పట్టీ ఉంటే ఏ ఆటైనా ఎన్నిసార్లయినా ఎక్కవచ్చు" అని మేడం చెప్పగానే మనమందరం ఈలలు వేశాము. ఎన్నిసార్లయినా అంటే నిజంగానే ఎన్నిసార్లయినా అనుకున్నాను. ఒక్కో ఆటకి ముప్పావు గంట లైనులో నిలబడాలని అప్పటికి నాకు తెలియదు.

లైనులో నిలబడితే ఆట కంటే మనుషులే ఎక్కువ కనబడతారు. నేను చూచినవి కొన్ని రాస్తాను.

జెయింటు వీలు దగ్గర ఒకాయన లైనులోనే సిగరెట్టు కాల్చాడు. పొగ వెనుక ఉన్న చంటిబిడ్డ మీదకు పోతోంది. ఆ బిడ్డ తల్లి అడిగితే "బయటే గదా ఉన్నాము" అన్నాడు. డ్యాషింగు కార్ల దగ్గర ఒక కుటుంబం నాలుగు బెంచీల మీద తువాళ్ళు, సంచులు, నీళ్ళ సీసాలు పరిచి వెళ్ళిపోయింది. గంటసేపు ఆ బెంచీల మీద ఎవరూ కూర్చోలేదు. ఒక ముసలమ్మ మాత్రం పక్కన గట్టు మీద ఎండలో కూర్చుంది. దిగే దారికి అడ్డంగా నిలబడి సెల్ఫీలు తీసుకునేవాళ్ళు, చెత్తబుట్ట రెండడుగుల దూరంలో ఉన్నా ఐస్‌క్రీం కప్పు పూలమొక్కల్లో పడేసేవాళ్ళు, కొత్తగా సున్నం వేసిన గోడ మీద గుట్కా ఉమ్మేవాళ్ళు. ఇవి లెక్కపెడితే నా నోటుబుక్కు చాలదు.

అలల కొలను దగ్గర ఇంకా చిరాకు వేసింది. నైలాను బట్టలతోనే దిగాలని పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. అయినా జీన్సు ప్యాంట్లతో దూకినవాళ్ళు ఉన్నారు. నూలు బట్టల పీచు నీళ్ళు శుభ్రం చేసే యంత్రంలో చుట్టుకుంటుందని అక్కడి కుర్రాడు చెబుతూనే ఉన్నాడు, వీళ్ళు దూకుతూనే ఉన్నారు. ఆడపిల్లలు నీళ్ళల్లో ఉండగా గట్టు మీద నిలబడి ఫోనులో తీసేవాడు ఒకడు దొరికాడు. మన పీఈటీ మేడం ఎదురుగా వెళ్ళి "ఏం తీస్తున్నావు బాబూ, చూపించు" అనగానే జారుకున్నాడు. ఆ తర్వాత మనలో చాలామంది నీళ్ళల్లోకి దిగనే లేదు. డబ్బు కట్టాము, బట్టలు మార్చుకున్నాము, గట్టు మీద కూర్చున్నాము.

అన్నిటికంటె భయం వేసింది ఇది. పెద్ద ఆటల దగ్గర ఎత్తు కొలిచే గీత ఉంటుంది. ఒక తండ్రి తన కొడుకును మునివేళ్ళ మీద నిలబెట్టి "సరిపోయాడు, సరిపోయాడు" అంటున్నాడు. ఆపరేటరు ఒప్పుకోకపోతే "ఒక్కసారే గదా, నీదేం పోయింది?" అని గొడవ పెట్టుకున్నాడు. మన సైన్సు సారు తర్వాత చెప్పారు. సీటు ముందుండే ఇనుప కమ్మీ పెద్దవాళ్ళ ఒడికి ఆనేటట్లు దిగుతుంది. చిన్నపిల్లాడయితే దాని కింద ఖాళీ మిగులుతుంది. పడవ ఊగేటప్పుడు ఆ ఖాళీలోనుంచి జారిపోవచ్చు. గీత పెట్టింది పిల్లవాణ్ణి ఏడిపించడానికి కాదు, ఇంటికి పంపడానికి.

ఇవన్నీ చూచి మేము బాగా తిట్టుకున్నాము. "ఇంత చదువుకున్నారు, ఇంత మంచి బట్టలేసుకున్నారు, ఏటే వీళ్ళకి బుద్ధి లేదు" అని నేనే అన్నాను. నాకు అలా అనే హక్కు ఉందనుకున్నాను. ఎందుకంటే ఇలాంటివాళ్ళను నేను మా ఊళ్ళోనే చూశాను.

మాది పాడేరు దగ్గర ఊరు. వంజంగి కొండకు పోయే బళ్ళు మా పక్కనుంచే పోతాయి. శీతాకాలం వచ్చిందంటే పొద్దున్నే కొండ కింద మేఘాలు పాలసముద్రం లాగ పరుచుకుంటాయి. అది చూడడానికి తెల్లవారుజామున మూడు గంటలకే హారన్లు, పాటల పెట్టెలు మొదలు. మా తాత కాలంలో ఆ వేళకు కోడి కూత తప్ప ఏదీ వినబడేది కాదట.

వాళ్ళు రావడం వలన మాకు లాభం లేదని అనను. మా అమ్మ రోడ్డు పక్కన టీ, ఉడకబెట్టిన చిలకడదుంపలు అమ్ముతుంది. నా జామెట్రీ బాక్సు ఆ డబ్బుతోనే కొన్నాము. కాని 2024 డిసెంబరులో ఏం జరిగిందో చెబుతాను. అమ్మకు ఒంట్లో బాగాలేదని నాలుగు రోజులు ఇంటికి వెళ్ళాను. మా చేనులో వలిసెలు పూశాయి. మీలో చాలామందికి వలిసెలు ఉన్నాయి గనుక చెప్పనక్కరలేదు. చేనంతా పసుపు ఆరబోసినట్లు ఉంటుంది. ఆ పూలే గింజలవుతాయి, గింజలు నూనె అవుతాయి. బళ్ళు ఆపి జనం చేనులోకి దిగుతున్నారు. నాన్న కర్రలు పాతి తాడు కట్టాడు. నేను అట్టముక్క మీద "దయచేసి లోపలికి రావద్దు" అని రాసి వేలాడదీశాను. ఒకామె ఆ తాడు ఎత్తి, కిందనుంచి దూరి చేను మధ్యకు వెళ్ళి నిలబడింది. "అమ్మగారూ, పంట తొక్కేస్తున్నారు" అన్నాను. ఆమె కోప్పడలేదు. నవ్వుతూనే అంది, "ఒక్క ఫోటోయే గదమ్మా!"

ఆమెది ఒక్క ఫోటోనే. నిజమే. కాని ఆ రోజు అలాంటి ఒక్క ఫోటోలు ఎన్నో. సాయంత్రానికి చేను మధ్యలో ఎడ్లు పొర్లినట్లు ఒక బాట పడింది. దానిలో ఒక్క పువ్వు నిలబడలేదు. మరునాడు ఆ బాటలోనే మా తమ్ముడి కాలికి సీసాపెంకు గుచ్చుకుంది. పాడేరు తీసుకువెళ్ళి నాలుగు కుట్లు వేయించారు. తాగిన సీసా ఎవరిదో మాకు తెలియదు. అతను కూడా "ఒక్క సీసాయే గదా" అనుకొని ఉంటాడు.

ఇప్పుడు పార్కులో సాయంత్రం సంగతి.

కోలంబసు పడవ మీకు గుర్తుండే ఉంటుంది. ఉయ్యాల లాగ ఊగే పెద్ద పడవ. దాని కింద రబ్బరు చక్రం తిరుగుతూ అడుగును తోస్తుంది, అందువలన ఊపు పెరుగుతుంది. వరుసకు నలుగురు చొప్పున ఎనిమిది వరుసలు, మొత్తం 32 సీట్లు. సాయంత్రం అయిదు కావస్తుంటే ఆపరేటరు వచ్చి, "ఇంక రెండు ట్రిప్పులే" అని 64 మందిని లెక్కపెట్టి వెనుక గొలుసు కట్టేశాడు. మేము పన్నెండు మందిమి గొలుసుకు ఇవతల ఉన్నాము. పొద్దుటినుండి ఆ పడవ ఎక్కలేదు. మళ్ళీ ఎప్పుడు వస్తామో, అసలు వస్తామో రామో.

లోపల లైనులో మన క్లాసు అమ్మాయి ఒకతె ఉంది. ఆమె చెయ్యి ఊపి, "రండే, నా దగ్గర చోటుంది" అని పిలిచింది. నేనే మొదట తాడు ఎత్తాను. కిందనుంచి దూరాను. నా వెనుక పదకొండు మంది దూరారు. అందరివీ ఒకటే యూనిఫారాలు గనుక ఆపరేటరుకు అనుమానం రాలేదు.

మా వెనుక ఒక తాతగారు, ఆయన చేయి పట్టుకొని ఆరేడేళ్ళ బాబు నిలబడి ఉన్నారు. తాతగారు నెమ్మదిగా అన్నారు, "అమ్మా, మావాడు గంటనుంచి నిలబడ్డాడమ్మా."

నేను ఏమన్నానో వినండి. "ఒక్కసారే గదా తాతా. మేము చాలా దూరం నుంచి వచ్చాము."

ఇంకా వెనుక నుంచి ఒకాయన గట్టిగా అన్నాడు, "ఏజెన్సీ వాళ్ళు. అడవి మనుషులకి లైనేటి తెలుస్తాది!" నాకు ఒళ్ళు మండిపోయింది. తిరిగి ఏదో అనబోయాను. ఇంతలో మమ్మల్ని ఎక్కమన్నారు. 32 సీట్లు నిండిపోయాయి. గొలుసు వేశారు. ఆ గొలుసుకు అవతల పన్నెండు మంది మిగిలిపోయారు. ముందు నిలబడింది ఆ బాబు. "టైము అయిపోయింది తాతా, ఇదే లాస్టు" అన్నాడు ఆపరేటరు.

పడవ ఊగడం మొదలుపెట్టింది. అందరూ కేకలు వేస్తున్నారు. నా సీటు ఆ గొలుసుకు ఎదురుగా వచ్చింది. పడవ పైకి లేచినప్పుడల్లా కింద ఆ బాబు కనబడుతున్నాడు. అతను ఏడుస్తూ నేల మీద కూర్చుండిపోయాడు. తాతగారు లేపుతున్నారు. కళ్ళు మూసుకున్నాను. మీరు భయం వల్ల అనుకొని తర్వాత నన్ను ఎగతాళి చేశారు. నేనూ అవును భయమే అన్నాను.

దిగిన తర్వాత ఆయన దగ్గరకు వెళ్ళాలనుకున్నాను. మేడం విజిల్ వేశారు. బస్సు ఎక్కేశాను.

ఆ రాత్రి బస్సులో నాకు నిద్ర పట్టలేదు. "అడవి మనుషులు" అన్న మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఒకరు చేసిన తప్పుకు కొండమీది వాళ్ళందరినీ అనడం తప్పు. పొద్దున సిగరెట్టు కాల్చినవాణ్ణి, ఫోనులో తీసినవాణ్ణి ఎవరూ "పట్నం మనుషులు" అని తిట్టలేదు గదా. దీని మీద నాకు ఇప్పటికీ కోపమే. కాని ఆ కోపం వెనుక దాక్కోవడం కూడా తప్పే. ఆయన మాట తప్పు కావడం వలన నేను తాడు కింద దూరడం ఒప్పు అయిపోదు. మా చేనులో తాడు ఎత్తిన ఆమె, పార్కులో తాడు ఎత్తిన నేను, ఇద్దరం ఒకే మాట అన్నాము.

సోషల్ మేడం పక్క సీటులో ఉన్నారు. నేను సగం మాత్రమే చెప్పాను. ఆవిడ తిట్టలేదు. ఇది మన దగ్గరే కాదని చెప్పారు. 1955 జూలై 17న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో డిస్నీలాండు మొదలుపెట్టిన రోజున, పిలిచినవాళ్ళు కాక దొంగ ఆహ్వాన పత్రాలతో వేలమంది వచ్చేశారట. తాగడానికి నీళ్ళు చాలలేదట. కొత్తగా వేసిన తారు ఎండకు మెత్తబడి ఆడవాళ్ళ ఎత్తుమడమల జోళ్ళు దిగబడిపోయాయట. "అక్కడికి వచ్చినవాళ్ళల్లోనూ ప్రతివాడూ నేనొక్కణ్ణే గదా అనుకొని ఉంటాడు" అన్నారు మేడం.

తర్వాత లెక్కల సారుకు మొత్తం చెప్పాను. ఆయన పేర్లు చెప్పకుండా క్లాసులో దాన్నే లెక్కగా ఇచ్చారు. పడవకు 32 సీట్లు, ఎక్కి దిగడంతో కలిపి ట్రిప్పుకు 6 నిమిషాలు. వెనుక అయిదు ట్రిప్పుల జనం ఉండగా 12 మంది ముందు దూరితే నష్టం ఎంత? ప్రతి ట్రిప్పులోనూ చివరి 12 మంది తర్వాతి ట్రిప్పుకు జరుగుతారు. అయిదు పన్నెండ్లు అరవై. అరవై మందికి ఆరేసి నిమిషాలు. 360 నిమిషాలు, అంటే 6 గంటలు. మాకు మిగిలిందేమో ఒక్కొక్కరికి అరగంట. "మరి అదే చివరి ట్రిప్పు అయితే?" అని సారు అడిగారు. ఎవరూ చెప్పలేదు. నాకు జవాబు తెలుసు. అక్కడ నిమిషాల లెక్క ఉండదు. నేల మీద కూర్చున్న బాబు ఉంటాడు.

మిత్రులారా! వచ్చే జనవరిలో ఎనిమిదో తరగతి చెల్లెళ్ళు విహారయాత్రకు వెళతారు. వాళ్ళకు పెద్ద పెద్ద నీతులు చెప్పేటంత దాన్ని కాను. ఒక్కటి చెబుతాను. తాడు కనబడినప్పుడు అది ఎవరి చేనుకు కట్టిన తాడో అనుకోండి. లైను ముందు నుంచి స్నేహితురాలు చెయ్యి ఊపితే, వెనక్కి తిరిగి ఒకసారి మనుషుల ముఖాలు చూడండి.

అంత దూరం పోనక్కరలేదు. మన కుళాయి దగ్గర తెల్లవారకముందే వరుసగా పెట్టిన బకెట్లు ఎన్ని? ఒక్కొక్కరి పేరు మీద నాలుగేసి. మెస్సులో అన్నం లైనులో "నా ప్లేటు కూడా పెట్టవే" అనేవాళ్ళం ఎంతమంది? ఆరో తరగతి చిన్నపిల్లలు చివర నిలబడి, సాంబారులో ముక్కలు అయిపోయాక వస్తున్నారు. నేను కూడా నిన్నటివరకు రెండు బకెట్లు పెట్టినదాన్నే. ఈ వ్యాసం రాయడం మొదలుపెట్టాక ఒకటి తీసేశాను. రాసిన చేత్తో రెండోది పెట్టడానికి సిగ్గు వేసింది.

ఆ బాబు పేరు నాకు తెలియదు. మళ్ళీ కనబడడు. కనబడినా నన్ను గుర్తుపట్టడు, అతనికి మా యూనిఫారమే గుర్తుంటుంది. ఆ యూనిఫారం వేసుకున్న ఇంకెవరయినా అతనికి ఎప్పుడైనా ఎదురుపడితే, ముందు అతన్ని ఎక్కనివ్వమని కోరుతున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని