లోవేడికి సాక్షి

ఆళ్లగడ్డలో కృష్ణశిలను దేవతామూర్తులుగా మలచుటయందే ఆయువు గడపిన యొక వృద్ధశిల్పి, సుత్తె పట్టు కుడిభుజము తలపైకి లేవక చికిత్సకై నంద్యాలకు వచ్చుచుండగా, ఒకనాడు ఆయనవెంట నేనును ఆ ఫిజియోథెరపీ గదిలో ప్రవేశించితిని. భుజముపై చల్లని జెల్లు పూసి, గుండ్రని లోహపుతల గల పిడిని దానిమీద నిలుపక త్రిప్పుచు, ఆ చికిత్సకురాలు యంత్రమువైపు గాక ముసలాయన ముఖమువైపే చూచుచుండుట నాకు వింతగా తోచినది.

"తాతా, కాలితే చెప్పల్ల. ఓర్చుకోగాకు."

"ఏం ల్యాదు పాపా, కానీ."

ఆమె నమ్మినట్లు లేదు; వాట్లు తగ్గించినది.

యంత్రమున అంకెలకు కొదువ లేదు. కాని అవి బయలుదేరిన అతిధ్వనికి లెక్కలే గాని, చేరినచోట కండ యెంత వేడెక్కెనో తెలుపునవి గావు. 1995లో డ్రేపర్ మున్నగు పరిశోధకులు మనుష్యుల పిక్కలలో సూదివంటి ఉష్ణమాపకములు గ్రుచ్చి చూడగా, చదరపు సెంటీమీటరునకు ఒక వాటు చొప్పున 1 మెగాహెర్ట్జ్ తరంగము నిమిషమునకు సుమారు 0.2 డిగ్రీలును, 3 మెగాహెర్ట్జ్ తరంగము 0.6 డిగ్రీలును కండను వేడిచేయునని తేలినది. వచ్చిన ప్రతిరోగికిని సూది గ్రుచ్చుట యెవరితరము? కనుక రోగి నోటిమాటయే ఉష్ణమాపకము. ఎముక ఈ ధ్వనిని కండకంటె మిక్కిలిగా గ్రహించును గావున, పిడి ఒకచోట నిలిచెనా, ఎముకపైపొరలో సలుపు పుట్టును. ఆ సలుపే హెచ్చరిక. మధుమేహముచే స్పర్శ సన్నగిల్లినవారికి అదియు అందదు. అందుకే ఆమె మొదట షుగరున్నదా యని అడిగి, రెండు గాజుగొట్టములలో వేడినీరును చన్నీరును పోసి భుజమున కానించి, తేడా తెలియుచున్నదో లేదో పరీక్షించినది. భుజవ్యథకు ఈ చికిత్స యేపాటి గుణమిచ్చునన్న విషయమున శాస్త్రజ్ఞులకే సందేహము గలదు. ఆ పరీక్ష విలువను గూర్చి మాత్రము నాకు సందేహము లేదు.

ఈ అతిధ్వని తరంగములనే ఒకే బిందువున కేంద్రీకరించి కణజాలమును దహించు చికిత్సలో నోటిమాట చాలదు. అచ్చట రోగిని ఎం.ఆర్.ఐ. యంత్రమున పరుండబెట్టి, నీటిలోని హైడ్రోజను అనునాద పౌనఃపున్యము డిగ్రీకి పదికోట్లలో ఒక వంతు చొప్పున తగ్గుటను పట్టి, క్షణక్షణమును లోవేడిమికి పటము గీయుదురు. కొవ్వులో ఈ మార్పు కానరాదు గనుక అచ్చట ఆ లెక్క చెల్లదు. చేతివణకునకై 2016లో అమెరికాలో అనుమతి పొందిన చికిత్సలో, ఇంత సామగ్రి యుండియు, రోగిని మెలకువతోనే యుంచి, మెదడులోని గుఱిని ముందు కొద్దిగా వేడిచేసి, చేత చుట్టలు గీయించి చూచి, ఆ పిమ్మటనే 55–60 డిగ్రీల వఱకు పోవుదురు.

సాయంకాలము నల్లమల కొండలను ఎడమచేత నుంచుకొని, శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరితిమి. శిల్పశాలలో ఒక కుఱ్ఱవాడు ఉలిమొనను కొలిమిలో ఎఱ్ఱగా కాచి, కొన మాత్రము నీట ముంచి తీసి, రాతిపై రుద్దుచుండెను. వెనుకనుండి ప్రాకివచ్చు వేడికి మెఱయు ఉక్కుపై ముందు గడ్డిపసుపు, పిదప ఊదా, ఆపై నీలము వరుసగా తోచును; పసుపు దాదాపు 230 డిగ్రీలకు, నీలము 300 డిగ్రీలకు. ఊదారంగు మొన చేరగానే వృద్ధుడు కనుసైగ చేసెను. ఉలి మరల నీటిలో మునిగినది. ఇంతటి కన్ను గలవాడు భుజము వేడిని చెప్పలేడా యని అడిగితిని.

"కొలిమికాడ పెరిగినోనికి ఆ యంత్రం ఎచ్చన ఒక ఎచ్చనా సామీ!"

వెంటనే ఆ చికిత్సకురాలికి ఫోను చేసి ఈ మాట చెప్పితిని. అరచేతుల కాయలు చూచినప్పుడే ఊహించితినని ఆమె నవ్వి, ఇకమీదట కాలుచున్నదా యని గాక, ఎచ్చన మొదలైనదా యని అడిగెదననియు, ఔనన్న క్షణమున వాట్లు పెంచుట మానెదననియు చెప్పినది.