గీత దాటిన బంతి

రెఫరీని తిట్టాలంటే ఫుట్‌బాల్ తెలిసి ఉండాలన్న నిబంధన ఎక్కడా లేదు. నాకా ఆట అంతంత మాత్రమే తెలుసు. ఇటు పదకొండుగురు, అటు పదకొండుగురు, మధ్యన ఒక బంతి. ఇంతవరకూ ఫరవాలేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో మా తమ్ముడి కొడుకు అగ్గిపుల్లలు పేర్చి ఎన్నిసార్లు చెప్పాడో లెక్క లేదు. చెప్పినంతసేపూ అర్థమవుతుంది, పుల్లలు పెట్టెలోకి పోగానే అదీ వాటితోపాటే పోతుంది. అయినా నవలలు రాసుకునేదాన్ని కదా, ఆటకంటే ఆట చూసేవాళ్ల మొహాలు చూడటం నాకలవాటు. మామూలుగా ఓడినవాడి దిగులు ఇంత అన్నం తింటే తగ్గుతుంది. అన్యాయంగా ఓడామనుకున్నవాడు అసలు కంచం ముందుకే రాడు.

మా మర్రిగూడలో ఫుట్‌బాల్ పిచ్చి ఉందంటే నల్లగొండ వాళ్లే నమ్మరు. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్టు, ఇవీ మా వైపు ఆటలు. మావాడికి మాత్రం హాస్టల్లో చదువుకుంటూ ఈ బంతి అంటుకుంది.

2024 జూన్ 11 రాత్రి, తెల్లారితే బడులు తెరుస్తారనగా, నేను తల్లిగారింట్లో ఉన్నాను. దోహాలో మనవాళ్లకూ ఖతార్‌కూ ప్రపంచకప్ అర్హత మ్యాచ్. గెలిస్తే మన దేశం మొట్టమొదటిసారి మూడో రౌండుకు పోతుంది. వాకిట్లో మంచాలు వేసుకుని, సెల్‌ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి వాడూ, నేనూ, మా చిన్నాయనా చూస్తున్నాం. చిన్నాయన జీవితంలో బంతి తన్నినవాడు కాదు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయినవాళ్లు మా ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆయన వాళ్లలో ఒకడు. కానీ పరుగెత్తేవాళ్లను చూడటమంటే ఆయనకు మహా ఇష్టం.

37వ నిమిషంలో మన ఛాంగ్టే గోల్ కొట్టాడు. మావాడి కేకకు పక్కింటి బర్రె లేచి నిలబడింది. 73వ నిమిషం దాకా ప్రపంచం సవ్యంగానే ఉంది. అప్పుడు ఖతార్‌వాడు తలతో కొట్టిన బంతిని మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి దొర్లుకుంటూ వెనక గీత దాటి బయటికి పోయింది. ఇంకేముంది, మనవాళ్లు ఆగారు. ఇంతలో ఖతార్ ఆటగాడొకడు గీతకవతల నుంచి బంతిని కాలితో లోపలికి లాగాడు. ఇంకొకడు దాన్ని గోల్లోకి తన్నాడు. రెఫరీ గోల్ ఇచ్చేశాడు. మనవాళ్లు చుట్టూ మూగి మొత్తుకున్నా లాభం లేకపోయింది. 85వ నిమిషంలో ఇంకో గోల్ పడి, మనం 1-2తో ఓడిపోయాం.

మావాడు ఆ ముక్కను వేలితో వెనక్కి జరిపి, ముందుకు జరిపి ఎన్నిసార్లు చూపించాడో! "చూడత్తా! గీతకూ బాలుకూ నడుమ గడ్డి కనవడ్తలేదా?" కనబడుతోంది. కళ్లద్దాలు తీసినా కనబడుతోంది. బంతి మొత్తంగా గీత దాటితే బయటికి పోయినట్టేనని రూలు. ఆ దశ మ్యాచ్‌లకు వీడియో రెఫరీని పెట్టలేదు. అంటే, మర్రిగూడలో మంచం మీద కూర్చున్న నాకు దొరికిన సాక్ష్యం, అక్కడ ఈల పట్టుకుని నిలబడ్డ ఆయనకు లేదన్నమాట!

రెఫరీది దక్షిణ కొరియా అని తెలిసేసరికి మావాడికి కొత్త అనుమానం పట్టుకుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో మనం కొరియాను సరిగ్గా 2-1తోనే ఓడించాం కదా, ఆ కసి తీర్చుకున్నారంటాడు. ఆ జట్టును తీర్చిదిద్దింది మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. ఆయన కథ వాడు 'మైదాన్' సినిమాలో చూశాడు. రహీం సాబ్ పోయింది కూడా 1963లో ఇదే జూన్ 11న. ఈ లెక్కన జాతకాలు చెప్పుకోవచ్చు గానీ, అరవై రెండేళ్ల కక్షను ఈలలో దాచుకుని దోహా దాకా తెచ్చేవాళ్లు నా నవలల్లో కూడా ఉండరు. ఆయన చూడలేదు, అంతే. నన్నడిగితే అదే ఎక్కువ బాధ. పగవాడైతే కనీసం తిట్టుకోవచ్చు.

మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదయితే చేసింది. ఫలితం మారలేదు. గోల్ అయిందా లేదా అన్నదాంట్లో రెఫరీదే చివరిమాట అని ఆట నియమాల్లోనే రాసి ఉంది. సరే, ఆట నడవాలంటే ఎవరో ఒకరి మాట నిలవాలి, ఒప్పుకుంటాను. కానీ 2010 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గోల్ గీత దాటినా రెఫరీ ఇవ్వలేదు. లోకమంతా అల్లరయింది. 2012కల్లా గోల్ గీత మీద యంత్రాలు పెట్టుకోవడానికి అనుమతి వచ్చేసింది. పెద్దింటి పిల్ల ఏడ్పుకు ఊరంతా లేస్తుంది మరి.

ఇదంతా వింటున్న చిన్నాయన అప్పుడు నోరు విప్పాడు.

"అందరు జూసిన్రు, ఈల వట్టుకున్నోడు జూడలే. గంతే గదా బిడ్డా! మా కాళ్లు ఎవ్వలు జూడలే? డాక్టర్లు జూసిన్రు, లీడర్లు జూసిన్రు, సీసాలల్ల నీళ్లు వట్టుకపోయిన్రు. ఆట మాత్రం నడుస్తనే ఉండె."

మావాడికి ఆ సంగతులు తెలియవు, వాడప్పటికి పుట్టలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ గోడు ఢిల్లీకి వినబడాలని జలసాధన సమితి పిలుపు మీద వందలమంది నామినేషన్లు వేశారు. బ్యాలెట్టు కాగితం కాస్తా పుస్తకమయింది. పోలింగు వాయిదా పడింది. రెఫరీ చుట్టూ జనం మూగడమంటే అదే. ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థుల డిపాజిట్టును 500 రూపాయల నుంచి 10 వేలకు పెంచారు. మూగినవాళ్లకు పసుపు కార్డన్నమాట! కృష్ణ నీళ్లు పైపుల్లో ఇంటింటికీ రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. వచ్చాయి, తాగుతున్నాం. చిన్నాయన కాళ్లు ఆ వంకరలోనే ఉన్నాయి.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తాతను నవ్వించాలనో ఏమో, మారడోనా కథ ఎత్తుకున్నాడు. 1986లో మెక్సికోలో ఇంగ్లండ్ మీద చేత్తో గోల్ వేశాడు కదా, దాన్ని గోలన్న రెఫరీ ట్యునీషియాకు చెందిన అలీ బిన్ నాసర్. ఆ మ్యాచ్ బంతి ఆయన దగ్గరే ఉండిపోయింది. 36 ఏళ్లు దాచుకుని 2022లో లండన్ వేలంలో పెడితే 20 లక్షల పౌండ్లు పలికింది. అంతకుముందు 2015లో మారడోనాయే ట్యునీషియాలో వాళ్లింటికి వెళ్లి, సంతకం చేసిన చొక్కా ఇచ్చి వచ్చాడు.

చిన్నాయన మోకాళ్లు రుద్దుకుంటూ అంతా విన్నాడు.

"మంచిగనే ఉంది. మరి ఇంగ్లండోళ్లకేమన్న ఇచ్చిండారా?"

మావాడు ఫోన్లో అదీ వెతకబోయాడు. అప్పటికే ఛార్జింగ్ అయిపోయింది.