బర్రెకు నీళ్లు

సువార్త సేవకై తిరునెల్వేలి నుండి మద్దూరుకు వచ్చిననాడు నాకు తెలిసినది పుస్తకాల తెలుగు మాత్రమే. వసతిగృహంలో వేకువ ప్రార్థన ముగియగానే పిల్లలతో పశువుల కొట్టానికి వెళ్లేవాణ్ణి. నేను ‘గేదె’ అంటే వారు పకపక నవ్వి ‘బర్రె’ అని దిద్దేవారు. పాలు పితకడం, కూరపాదులకు నీరు కట్టడం, సాయంకాలం చదువు. వేసవిలో బోరు ఎండితే బిందెలతో మోత. 1912లో దోర్నకల్ తొలి బిషప్ అయిన అజరయ్యగారు కూడా తమిళనాటి నుండి వచ్చి తెలుగు నేర్చినవారే. ఆయన మాటను దిద్దిన పిల్లలెవరో!

ఒకనాటి సంధ్యవేళ ఒక బాలుడు కనిపించలేదు. వెతుకగా, ఊరి చివర తాళం వేసిన తన ఇంటి అరుగుపై కూర్చొని ఉన్నాడు. తల్లి కూలికై హైదరాబాదు వెళ్లింది. దారిలో కూర్చుకొన్న ఓదార్పు వాక్యాలేవీ నా నోట రాలేదు. ప్రక్కన కూర్చున్నాను. చాలాసేపటికి వాడే అడిగాడు: “సార్, బర్రెకు నీళ్లు పెట్టిండ్రా?”

పెట్టలేదు. ఇద్దరం లేచాము.