మచ్చు చూచి రాశి నెఱుఁగుట

అన్న ముడికినదో లేదో తెలిసికొనుటకు కుండెడు మెతుకులను పిసికి చూచు ఇల్లాలు ఎక్కడను లేదు. ఒక్క మెతుకును వ్రేళ్ల నడుమ నలిపి చూచి గంజి వార్చుచున్నాము. కొంచెమును చూచి అంతటిని గుఱించి నిర్ణయించుట మనకు తల్లులవలన వచ్చిన విద్యయే. ఈ విద్యకు గణితరూప మొసంగి, సాంఖ్యకశాస్త్రములో నొక ప్రధానభాగముగా విశ్వవిద్యాలయములలో బోధించుచున్నారని నిరుటి వేసవివఱకు నేనెఱుఁగను.

మాది చిత్తూరు జిల్లాలోని బంగారుపాళ్యము; చిత్తూరునకును పలమనేరునకును నడుమ పెద్దబాటమీఁద నున్నది. మామిడి కోఁతల కాలమున మా యూరి మార్కెట్టు కాయల బండ్లతో నిండిపోవును. మాకును కొద్దిపాటి తోతాపురి తోఁట కలదు. మా పెద్దమ్మాయి తిరుపతిలో డిగ్రీ చదువుచున్నది. సెలవులకు వచ్చినప్పుడు ఆమె తెచ్చుకొన్న పుస్తకమును పగటివేళ నేనును తిరుగవేయ నారంభించితిని. పదవతరగతితో చదువు చాలించినదానను. ఆ గుర్తులను చూడగనే బెదరు పుట్టినది. "అమ్మా, నీకు భాగహారం వచ్చు, వర్గమూలం వచ్చు. మొదటి పాఠాలకు అంతకంటే ఏం కావల్ల?" అని అమ్మాయి ధైర్యము చెప్పినది.

మా సంభాషణ విని అత్తగారు నవ్వి, "ఒగ మెతుకు పట్టి చూస్తే చాలదా మే? దానికి పుస్తకం గూడానా?" అనిరి. ఆ మాటయే మాకు మొదటి పాఠమైనది. ఒక్క మెతుకు చాలును, కాని ఎప్పుడు? కుండలోని అన్నము అంతటను ఒక్కతీరున నుడికినప్పుడు. అడుగు మాఁడి, పైన పలుకుగా నున్నచో పైమెతుకు మనలను మోసగించును. కావున రాశిలోని ప్రతివస్తువునకును చేతికి వచ్చు అవకాశము సమానముగా నుండునట్లు మచ్చు తీయవలెనని శాస్త్రము చెప్పుచున్నది. ఇట్లు తీసినప్పుడు రాశి యెంత పెద్దదను విచారము అంతగా నక్కఱలేదు. బాగుగా కలియఁబెట్టిన పులుసు గిన్నెలో నున్నను గుండిగలో నున్నను, ఉప్పు చూచుటకు అదే గరిటె చాలును గదా!

రెండవ పాఠము తేనీటినిగుఱించినది. ఇంగ్లండులో రోథాంస్టెడ్ అను వ్యవసాయ పరిశోధనాలయమున 1920 తరువాతి సంవత్సరములలో మ్యూరియల్ బ్రిస్టల్ అను విదుషి యుండెడిది. కప్పులో ముందు పాలు పోసిరో, తేనీరు పోసిరో రుచిచూచి చెప్పగలనని ఆమె యనెను. రోనాల్డ్ ఫిషర్ అను శాస్త్రజ్ఞుఁడు ఆ మాటను పరీక్షింపఁదగినదిగా నెంచి, 1935లో ప్రకటించిన గ్రంథమున దానినే యుదాహరణముగా వివరించెను. ఎనిమిది కప్పులలో నాలుగింట ముందు పాలు, నాలుగింట ముందు తేనీరు పోసి, వరుస తెలియనీయక ఇయ్యవలెను. ఆ నాలుగు కప్పులను ఏరుటకు 70 విధములున్నవి. ఏమియు తెలియనివారు ఊహమీఁదనే అన్నియు సరిగా చెప్పుట డెబ్బదింట నొక్కమాఱే సంభవించును. "ఈమెకు శక్తి లేదు" అని ముందు అనుకొని, అట్లయినచో కంటఁబడిన ఫలిత మెంత అరుదో లెక్కించి, మిక్కిలి అరుదైనచో ఆ యనుకోలును విడిచిపెట్టుటయే పద్ధతి. ఆ మొదటి యనుకోలునే శూన్యపరికల్పన యందురు. ఒక స్త్రీ నోటిమాటను నవ్వి త్రోసివేయకయు, ఊరక నమ్మకయు న్యాయముగా పరీక్షించు తీరు నా మనస్సున కెక్కినది.

అంతలో మా తోఁటకాయలకే పరీక్ష వచ్చినది. మొదటికోఁత కాయలను కొన్న వర్తకుని మనిషి బండి పైవరుసనుండి కొన్నిటిని తీసిచూచి, నూటికి పది పనికిరానివని చెప్పి, అంతమేరకు తరుగు కోసివేసెను. ఆ సొమ్ము మాకు చిన్నది కాదు. అమ్మాయి హాస్టలు రుసుములో భాగము. రెండవకోఁతనాఁడు మేమిద్దరము తోఁటకు పోయితిమి. కాయలు నింపిన పెట్టెలలో నిరువదింటిని చీట్లు వేసి యెన్నుకొని, ఒక్కొక్కదానినుండి పై, నడుమ, అడుగు కాయలు కలిపి అయిదేసి తీసితిమి. మొత్తము నూఱింటిలో పనికిరానివి ఆఱు.

పదికి ఆఱు తక్కువయే గదా యని నాకు సంతోషము కలిగినది. పుస్తకము మాత్రము తొందరపడలేదు. నిజముగా నూటికి పది చెడ్డవైనను, నూఱేసి తీసినప్పుడెల్ల సరిగా పదియే రావు. ఒకమాఱు ఏడు, ఒకమాఱు పదమూఁడు రావచ్చును. ఈ ఊఁగుటకు కొలత యున్నది: నూఱును పదోవంతుతోను, తొమ్మిది పదోవంతులతోను గుణించిన 9, దాని వర్గమూలము 3. మా ఆఱు పదికి నాలుగు తక్కువ. అనఁగా ఒక కొలతకు కొంచెము మించినది. రెండు కొలతలవఱకైనను దూరము లేనిదే మాటాడరాదని సామాన్యముగా పాటించు నియమము. "ఆయన చెప్పింది తప్పని దీంతో తేలలేదమ్మా. నిజమనీ తేలలేదు" అని అమ్మాయి యనినది. ఈ రెండు మాటలకు నడుమ నున్న భేదమే ఈ శాస్త్రములోని సారమని నాకు తోఁచినది.

మూఁడవకోఁతకు నాలుగువందల కాయలు చూడవలెనని ముందే వ్రాసిపెట్టుకొంటిమి. ఎంచుచు నుండఁగా, మనకు నచ్చిన లెక్క వచ్చినచోట ఆపినచో పరీక్ష పరీక్ష కాదు. పాత నూఱును ఇందులో కలుపలేదు. ఎనుబది పెట్టెలనుండి అయిదేసి తీయఁగా 24 చెడ్డవి తేలినవి. నూటికి పది లెక్కన 40 రావలెను. ఇప్పుడు కొలత 6. పదునాఱు తక్కువయనఁగా రెండున్నర కొలతలకు మించినది. వర్తకుని మాటయే నిజమైనచో ఇంత తక్కువ వచ్చుట వేయింట అయిదుమాఱులైనను జరుగదు. మా లెక్కప్రకారము చెడ్డకాయలు నూటికి ఇంచుమించుగా నాలుగునకును ఎనిమిదింటికిని నడుమ నుండును. ఈ పద్ధతిని నూఱుమాఱులు గీచిన హద్దులలో సుమారు తొంబదియైదింట సత్యము చిక్కునని శాస్త్రవాక్యము. మచ్చును నాలుగింతలు చేసినచో సందేహము సగమే తగ్గునని కూడ ఇక్కడనే తెలిసికొంటిని.

నా భర్త ఆ కాగితమును తీసికొనిపోయిరి. వర్తకుఁడు లెక్కలను చదువలేదు గాని, అడుగుపెట్టెలనుండి కూడ మా యెదుటనే కాయలు తీసి చూచుటకు ఒప్పుకొనెను. తరుగు పదినుండి ఏడునకు దిగెను. ధర మా చేతిలో లేదు. తరుగు విషయమునైనను న్యాయమైన మాట అడుగఁగలిగితిమి.

ఈ శాస్త్రమున మనవారి పేరును గొప్పదియే. 1920లో హడగళ్లిలో ఒక తెలుఁగు కుటుంబమున జన్మించిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము, కలకత్తాలో సాంఖ్యకశాస్త్రము చదివిరి. కొన్ని నియమములకు లోఁబడిన అంచనాలలో అనిశ్చితి ఇంతకంటె తగ్గజాలదను హద్దును 1945లో ప్రకటించిరి. ఆ ఫిషరుగారియొద్దనే కేంబ్రిడ్జిలో పరిశోధించి 1948లో డాక్టరు పట్టము పొందిరి. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము నంది, ఆ యేడే నూటరెండేండ్ల ప్రాయమున పరమపదించిరి. బాల్యమున వేకువ నాలుగుగంటలకు తనను లేపి, చదువుకొనుటకై దీపము వెలిగించి యిచ్చిన తల్లి లక్ష్మీకాంతమ్మగారిని ఒక గ్రంథపు టంకితమున ఆయన స్మరించిరి.

సోదరీమణులారా! పదిమందిలో తొమ్మిదిమంది ఈ సబ్బునే మెచ్చిరని ప్రకటన వచ్చును. ఒకరికి కుదిరిన మందు అందఱికి కుదురునని పొరుగమ్మ చెప్పును. ఎందఱిని అడిగిరి? ఎట్లు ఏరిరి? ఎంతవఱకు తప్పవచ్చును? ఈ మూఁడు ప్రశ్నలు అడుగనేర్చిన యిల్లాలు సులభముగా మోసపోదు. పరులను తొందరపడి నిందింపదు. మీ యింట కాలేజీ చదువులు చదువు పిల్ల లున్నచో, పుస్తకములకు అట్టవేసి యిచ్చుటతో తృప్తిపడక, ఒక పాఠము మీకును చెప్పుమని యడుగుఁడు. పిల్లలకు దీపము వెలిగించి యిచ్చిన తల్లులము; ఆ వెలుఁగున మనమును కాసేపు కూర్చుండవచ్చును.