పంచెల వయసు వేరు, మీసాల వయసు వేరు

డాలస్ పక్కన ఫ్రిస్కోలో, ఒక బాంకెట్ హాల్లో, అన్నదమ్ముల పిల్లలిద్దరికి ఒకే రోజు పంచెల ఫంక్షన్ చేశారు. ఇద్దరికీ పదమూడో ఏడు నడుస్తోంది. ఒకడికి అప్పుడే గొంతు బొంగురుపోయింది, పై పెదవి మీద నూనూగు మీసం. రెండోవాడు వాడి భుజం దగ్గరే ఆగిపోయాడు. పట్టుపంచెను నడుం దగ్గర రెండు మడతలు ఎక్కువ వేసి కట్టాల్సొచ్చింది. అక్షింతలు వెయ్యడానికొచ్చిన పెద్దావిడ ఊరుకుంటుందా? "వీడికి తిండి సరిగ్గా పెట్టడం లేదేంటమ్మా?" అనేసింది. ఆ తల్లికి రాత్రి నిద్ర పట్టలేదు. తోటికోడలికీ పట్టలేదు. తన కొడుకు ఇంత తొందరగా ఎదిగిపోతే పొడుగు ఇక్కడితో ఆగిపోతుందేమోనని ఆవిడ బెంగ.

ఆడపిల్ల పెద్దమనిషైతే ఆ రోజు ఇంట్లో అందరికీ గుర్తుంటుంది. మగపిల్లాడికి అలాంటి రోజంటూ లేదు. పంచెలు కట్టించేది హాలు దొరికిన శనివారం. ఆ ముహూర్తానికీ పిల్లాడి ఒంటికీ సంబంధం లేదు. అసలు తొలి గుర్తు చుట్టాల కంట పడేదీ కాదు. ముందుగా పెరిగేవి వృషణాలు. మీసం, గొంతు మారడం ఆ తర్వాత ఎప్పటికో వస్తాయి. పిల్లల హార్మోన్ల డాక్టర్ల దగ్గర ఒక పూసల దండ ఉంటుంది. కోడిగుడ్డు ఆకారంలో పన్నెండు పూసలు, 1 మిల్లీలీటరు నుంచి 25 దాకా, వరసగా పెద్దవవుతూ ఉంటాయి. స్విట్జర్లాండుకు చెందిన ఆండ్రియా ప్రాడెర్ అనే డాక్టరు 1960లలో దీన్ని తయారుచేశాడు. పిల్లాడి కొలత నాలుగో పూసకు సరితూగితే యౌవనం మొదలైనట్టే.

అది 9 ఏళ్లకు మొదలైనా మామూలే, 14కు మొదలైనా మామూలే. అంటే, ఒకే ఆరో తరగతిలో సగం మీసం వచ్చినవాడూ పాలబుగ్గలవాడూ పక్కపక్కన కూర్చోవచ్చు, ఇద్దరికీ ఏ జబ్బూ లేకుండానే.

కాలంతో పాటు ఈ వయసు కిందికి జరుగుతోంది. 1970లో బ్రిటన్‌లో జేమ్స్ టానర్ బృందం చూసిన మగపిల్లల సగటు 11.6 ఏళ్లు. అమెరికాలో మార్షా హెర్మన్-గిడెన్స్ బృందం నాలుగు వేల మందికి పైగా అబ్బాయిల లెక్క తీసి 2012లో ప్రచురించింది: తెల్లపిల్లల్లో 10.14 ఏళ్లు, నల్లజాతి పిల్లల్లో 9.14, హిస్పానిక్ పిల్లల్లో 10.04. మన పిల్లలకు అందులో విడిగా ఒక వరస లేదు. ఇంకా వెనక్కి వెళితే, సంగీతకారుడు హైడెన్ వియన్నా చర్చి బృందంలో పదహారేళ్లు దాటినా పిల్లగొంతుతోనే పాడుతుండేవాడు. గొంతు విరిగాక బయటికి పంపేశారు.

ఫంక్షన్ అయిన నెలకు చిన్నగా ఉన్నవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆ డాక్టరమ్మ మొదట అడిగింది పిల్లాడి గురించి కాదు, తండ్రి గురించి: "మీరెప్పుడు పొడుగయ్యారు?" ఆయన తెల్లమొహం వేశాడు. తెనాలికి ఫోన్ చేస్తే నాయనమ్మ తడుముకోకుండా చెప్పింది: "పదో తరగతి ఫేర్వెల్ ఫొటోలో ముందు వరసలో కూర్చున్నావు గదరా! ఇంటర్ రెండో సంవత్సరంలో ప్యాంట్లు కుట్టించలేక చచ్చాను." రోగనిర్ధారణలో సగం ఆ ఫోన్లోనే అయిపోయింది. ఆలస్యంగా ఎదిగే అబ్బాయిల్లో ఎక్కువమందిది వంశంలో వచ్చిన నిదానమే. మిగతా సగం ఎడమచేతి ఎక్స్‌రేతో తేలుతుంది. పదమూడేళ్లవాడి ఎముకల వయసు పదకొండని వస్తే తల్లిదండ్రులు కంగారు పడతారు గానీ అది మంచి వార్త. పెరగడానికి ఇంకా వ్యవధి ఉందన్నమాట.

పొడుగు సంగతికి డాక్టర్లు వాడే లెక్క సులువైనది. తల్లి ఎత్తుకు 5 అంగుళాలు కలిపి, తండ్రి ఎత్తుతో సగటు తియ్యాలి. తండ్రి 5 అడుగుల 8, తల్లి 5 అడుగుల 2 అయితే కొడుకు 5 అడుగుల ఏడున్నర దగ్గర తేలతాడు, మూడు నాలుగు అంగుళాలు అటూ ఇటూగా. మామూలు పరిధిలో ముందు ఎదిగినవాడూ వెనక ఎదిగినవాడూ చాలావరకు అక్కడికే చేరతారు. ఇండియా నుంచి సూట్‌కేసుల్లో వచ్చే "హైట్ పౌడర్లు" ఈ లెక్కను మార్చవు.

పెద్దలు పొడుగు గురించి తల పట్టుకుంటుంటే పిల్లల దిగులు ఇంకొకటి. మిడిల్ స్కూల్లో పీఈ క్లాసుకు లాకర్ రూములో బట్టలు మార్చుకోవాలి. ముందు ఎదిగిన ఆ అబ్బాయి టెక్సస్ వేసవిలో, వంద డిగ్రీల ఎండలో కూడా హుడీ విప్పడం మానేశాడు, ఈతకు వెళ్లనన్నాడు. పొగరనుకున్నారు. తీరా చూస్తే ఛాతీ దగ్గర కొద్దిగా వాపు. ఈ వయసులో దాదాపు సగం మంది అబ్బాయిలకు వచ్చేదే, ఏడాదికో రెండేళ్లకో చాలామందిలో దానంతటదే పోతుంది. ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేక వాడు ఆర్నెల్లు లోలోపల కుమిలిపోతూ తిరిగాడు. తండ్రేమో వాణ్ణి జిమ్‌లో చేర్పించాడు!

నిజంగా పట్టించుకోవలసినవీ ఉన్నాయి. 14 నిండినా ఏ గుర్తూ లేకపోతే డాక్టరుకు చూపించండి. అవసరమైతే కొన్ని నెలలపాటు తక్కువ మోతాదు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లతో ఒంటిని కదిలిస్తారు. అలాంటి పిల్లాడికి ఇంగువ పోపు వాసన తెలుస్తోందో లేదో కూడా గమనించండి. వాసన పోల్చలేకపోవడం, యౌవనం రాకపోవడం రెండూ కలిసుంటే కాల్‌మన్ సిండ్రోమ్ అనే అరుదైన సమస్య కావచ్చు. 9 నిండకుండానే గుర్తులు కనబడితే మాత్రం ఆగకండి. ఆడపిల్లలకన్నా మగపిల్లల్లో అలా ముందు రావడం వెనక వేరే జబ్బు ఉండే అవకాశం ఎక్కువ. ఆ వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి.