11 నెలల కౌలు

మా ఇంట్లో బియ్యం, కందిపప్పు, బెల్లం అన్నీ సేంద్రియమే. మామూలు ధరకి రెట్టింపు పెట్టి మరీ హైదరాబాదులో కొంటాం. ఇదేదో గొప్పకి చెప్పడం లేదు. గుంటూరు జిల్లాలో మా నాన్నగారి నుంచి నాకూ అన్నయ్యకీ కలిపి వచ్చిన మూడున్నర ఎకరాల్లో మిరప, పత్తి వేస్తారు. అక్కడ ఒక్క పంటకి ఎన్నిసార్లు మందు కొడతారో నేను ఏనాడూ అడగలేదు. కౌలు డబ్బులు అకౌంట్లో పడ్డాయా లేదా, అదొక్కటే చూసుకునేవాణ్ణి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఉన్నట్టుండి బుద్ధి పుట్టింది. మా పొలం చేసే ఆయన్ని చిన్నప్పట్నుంచీ బాబాయ్ అని పిలవడం అలవాటు. ఆయనకి ప్రకృతి వ్యవసాయం గురించి చెబుదామని లాప్‌టాప్ పట్టుకుని మరీ వెళ్ళాను (నవ్వకండి, నిజంగానే పట్టుకెళ్ళాను). జీవామృతం అంటే 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు గట్టు మట్టి... అంటూ మొదలెట్టాను. ఆయన ఓపిగ్గా అంతా విని, "తెలుసబ్బాయ్, నా సొంత అరెకరంలో చేసేది అదేగా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. వెళ్ళి చూశాను. కంది, మధ్యలో కూరగాయలు, గట్ల మీద బంతి. మట్టి చేత్తో తీస్తే పొడిపొడిగా వస్తోంది. ఎవరు నేర్పారంటే, పిన్ని వాళ్ళ డ్వాక్రా సంఘంలో చెప్పారట. ఆమె మాట అయితే వినలేదు గానీ, పక్క చేనతను ఖర్చు తగ్గించుకోవడం రెండేళ్ళు కళ్ళారా చూశాక దిగాడట. ఆంధ్రాలో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి వ్యవసాయం కార్యక్రమం పద్ధతి కూడా అదే. మహిళా సంఘాల ద్వారా, తోటి రైతుల చేతే చెప్పించడం. మనలాంటి వాళ్ళ బొమ్మల ప్రదర్శన కన్నా అదే పనిచేస్తుంది మరి.

"అయితే మా పొలంలో ఎందుకు చెయ్యవు బాబాయ్?" అన్నాను.

"వచ్చే ఏడు కూడా నాకే ఇస్తావా?"

నేను మాట్లాడలేదు. మా నాన్నగారి రోజుల్నుంచీ రెండేళ్ళకోసారి కౌలుదారుని మార్చడం మా ఇంటి అలవాటు. ఒకడే పాతుకుపోతే హక్కు అడుగుతాడని భయం. ఈయనకి ఇది రెండో ఏడు.

"నేల గుల్లబారాలంటే మూడు నాలుగేళ్ళు పడుతుంది. ఈలోపు ఇంకెవడో వచ్చి దున్నుకుంటాడు. నేను పేడ మోసేది వాడి కోసమా?"

మన భాషలో చెప్పుకుంటే, ఏడాది కాంట్రాక్టు మీద వచ్చినవాడు పాత కోడ్ అంతా బాగుచేస్తాడా? తన టికెట్ మూసేసి వెళ్ళిపోతాడు. వాడికి అవగాహన లేదంటామా?

రెండో సంగతి ఇంకా ఇబ్బందికరం. విత్తనం, ఎరువు, మందు, చేతి ఖర్చులు అన్నీ కొట్టాయన దగ్గర అరువే. మందు మానేస్తే ఆ అప్పు పుట్టదు. ఖమ్మం జిల్లా (ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం) పునుకుల 2004 నాటికే పురుగుమందులు లేని ఊరని పేరు తెచ్చుకుంది. అక్కడా మందులమ్మేవాళ్ళే అప్పులిచ్చేవాళ్ళు. ఆడవాళ్ళ సంఘం పట్టుబట్టి, వేపగింజల పొడి పని తామే చేపట్టాక గానీ ఆ ముడి ఊడలేదు. కాకపోతే అది సొంత భూమి ఉన్నవాళ్ళకి కుదిరినంత సులువుగా కౌలుకి చేసేవాళ్ళకి కుదరదు.

బ్యాంకుకి వెళ్ళొచ్చుగా అంటారేమో. కౌలు రైతుకి రుణ అర్హత కార్డులంటూ 2011లో ఒక చట్టం వచ్చింది. 2019లో ఇంకొకటి వచ్చింది. ఆ రెండో దాంట్లో ఒప్పందం 11 నెలలకి, భూమి యజమాని సంతకం కావాలి. కిందటేడు బాబాయ్ ఆ కాగితం తెస్తే "చూద్దాంలే" అన్నది ఎవరనుకున్నారు? నేనే. ఎందుకంటే ఆ పొలం మీద పంట రుణం అప్పటికే నా పేరున ఉంది. వడ్డీ తక్కువ కదా అని తీసుకుని ఫ్లాట్ ఇంటీరియర్స్‌కి వాడాను. ఒకే భూమి మీద బ్యాంకువాడు రెండోసారి ఇవ్వడు కదా.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఇదే ఆలోచన. ఐదేళ్ళకి కౌలు రాసిద్దామని అన్నయ్యకి ఫోన్ చేస్తే "నీకేమైనా పిచ్చా?" అన్నాడు. మా ఆవిడ మాత్రం ముందు మన సేంద్రియ బియ్యం మానేద్దామంది, వెటకారంగానే. నెల రోజులు నస పెట్టి అన్నయ్యని మూడేళ్ళకి ఒప్పించాను. కాగితం కూడా రాయించాను.

బాబాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను. సంతోషపడతాడనుకున్నా.

"మంచిదే అబ్బాయ్" అన్నాడు. "ముందు బ్యాంకులో ఆ లోను కట్టెయ్."

ఇంకా లక్షా ఇరవై వేలుంది. ఈ మార్చికి బోనస్ వస్తే కట్టాలి.